చిలక చెప్పాల్సిన మాట

"చిలక నోరు విప్పదురా. వీళ్ళు మనల్ని వెనక్కి పంపేస్తారు, చూస్తూ ఉండు" అన్నాను, ఇంకా కారు దిగకముందే.

"గుమ్మం కూడా ఎక్కలేదు, నువ్వప్పుడే తిరిగొచ్చేశావా అక్కా?" అన్నాడు మా తమ్ముడు.

చిలక నా కూతురు. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాయి, బుద్ధి అయిదారేళ్ళ దగ్గర ఆగిపోయింది. పేరుకే చిలక. బుద్ధి పుడితే నాలుగు మాటలు, లేకపోతే రోజంతా మౌనం. దాన్ని చూసుకునే మనిషి లేక నా గర్భసంచి ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి వాయిదా అంటే తన పూచీ లేదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఇలాంటి పిల్లల్ని చూసుకునే ఈ హోములో ఆరు వారాలు ఉంచుకుంటే చాలు.

వార్డెను నెమ్మదైన మనిషే. నేను రాసి తెచ్చిన నలభై పేజీల నోటుబుక్కు ఓపిగ్గా తిరగేసింది. మాత్ర నీళ్ళలో కరిగిస్తేనే మింగుతుంది. బాత్‌రూమ్ గడియ బయటినుంచి పెట్టకూడదు. కడుపు నొప్పి వస్తే చెవి మీద కొట్టుకుంటుంది. ఈ చివరిది ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు గీశాను. పోయినేడాది ఆస్పత్రిలో అలా కొట్టుకుంటుంటే చెవి డాక్టరును పిలిపించారు. నొప్పి కడుపులో అని రెండు రోజులకు గాని తేలలేదు. ఆ తర్వాత పదకొండు రోజులూ దాని మంచం పక్కన నేల మీదే పడుకున్నాను. ఇంటికొచ్చాక కూడా నా పడక అక్కడే.

"బుక్కు మా వాళ్ళందరి చేతా చదివిస్తానండీ" అంది వార్డెను. "కానీ ఫోనులో చెప్పాను కదా, మాకో పద్ధతుంది. ఉంటానని తనే చెప్పాలి. నోటితో చెప్పినా సరే, చేత్తో చూపించినా సరే. మీరు చెబితే చెల్లదు."

గదిలోకి తీసుకెళ్ళింది. రెండు మంచాలు, ఒక కిటికీ, గోడకు అర.

"ఇక్కడ ఉంటావా తల్లీ?"

"ఉంటుందండీ, దానికి కిటికీ అంటే..."

వార్డెను పెన్ను మూసేసింది. "మళ్ళీ అడుగుతాను. ఈసారీ మీరే చెబితే ఇంకో రోజు రావాల్సిందే."

"అక్కా, కాసేపు నీ నోటికి సెలవివ్వు" అన్నాడు తమ్ముడు మెల్లగా.

ఇన్నేళ్ళూ దాని దాహం నేనే చెప్పాను, దాని నిద్రా నేనే చెప్పాను. అలవాటు ఎక్కడికి పోతుంది?

వార్డెను మళ్ళీ అడిగింది. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను. ఫ్యాను తిరుగుతోంది. వరండాలో ఎవరో తోపుడుబండి తోసుకుపోయారు. చిలక దుప్పటి అంచును మడుస్తోంది, విప్పుతోంది, మళ్ళీ మడుస్తోంది. వద్దంటే నా ఆపరేషన్ లేదు. సరేనంటే, అది చెవి మీద కొట్టుకునే వేళకు పక్కన నేనుండను. కదిలితే ఎక్కడ చెడుతుందోనని నిలబడే ఉన్నాను.

వార్డెను కదల్లేదు.

చిలక దుప్పటి వదిలేసింది. వార్డెను చేతిలోని నోటుబుక్కు తీసుకుని కిటికీ పక్క అరలో పెట్టింది. ఆ పక్కనున్న మంచం మీద కూర్చుని, నా వైపు చూసింది.

"నేనిక్కడ" అంది. "అమ్మ ఇంట్లో. నేల మీద వద్దు. మంచం మీద పడుకోవాలి."