ఇంజిన్ ఆగని రోజు

మా అల్లుడు దినేష్ చేపలు పట్టడానికి చిన్న పడవలో ఒంటరిగా వెళ్ళి, కనబడకుండా పోయి అది మూడో రోజు. పడవ బోల్తాపడి దొరికింది. మనిషి దొరకలేదు. ఆ రోజు కూడా నేనూ మా అమ్మాయి శర్మిలా పొద్దున్నే బెడోక్‌లోని ఇంటి నుంచి వచ్చి, రక్షణ పడవల స్టేషన్ ముందున్న జెట్టీ మీద కూర్చున్నాం.

ఆ స్టేషన్ నాకు కొత్త కాదు. మా ఆయన పరశురాముడు ఇరవై రెండేళ్ళు అక్కడే పడవ ఇంజిన్ పని చూశాడు. లోపల గోడకు పాత ఫోటోలుండేవి. నాకప్పుడు చదువు రాదు, కింద రాసినవి ఆయనే చెప్పేవాడు. మొదట ఆరుగురు తెడ్లేసుకుంటూ వెళ్ళే సంపాన్ పడవ. తర్వాత డీజిల్ ఇంజిన్ పెట్టిన చెక్క పడవ. ఆ తర్వాత వచ్చింది ఇప్పటి నారింజ రంగు పడవ. అల తలకిందులు చేసినా తనంతట తానే లేస్తుంది.

"పడవలు మారాయి గానీ పద్ధతి మారలేదే," అనేవాడు. "తెడ్ల కాలంలో తెడ్లు ఎత్తిపట్టి వినేవాళ్ళు. మేము ఇంజిన్ ఆపి, పేరు పెట్టి పిలిచి వింటాం. నీళ్ళలో ఉన్నవాడి గొంతు మోతలో వినబడదు కదా."

శవం కోసం వెతికేటప్పుడు మాత్రం ఇంజిన్ ఆపరు. ఆపి వినడానికేముంది?

మొదటి రెండు రోజులూ దినేష్‌ను వెతికే పడవ మోత ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ ఉంది. ఆగినప్పుడల్లా శర్మిల నా చెయ్యి పట్టుకునేది. మూడో రోజు పడవ తీరం వెంబడే తిరుగుతోంది. మోత ఒకే తీరుగా వస్తోంది. గంట గడిచింది. ఆగలేదు.

"చూడమ్మా," అంది శర్మిల. "ఇవాళ ఒక్క నిమిషం కూడా బ్రేక్ తీసుకోవట్లేదు. ఎంత గట్టిగా వెతుకుతున్నారో!"

నేను తలూపాను. తను ముందురోజు నుంచీ ఏమీ తినలేదు. ఆ మాట అన్నాక, హాకర్ సెంటర్లో కొన్న పరోటా పొట్లం విప్పి సగం తింది. తిననిద్దాం, తర్వాత చెబుదాం అనుకున్నాను. తర్వాతా చెప్పలేకపోయాను.

మధ్యాహ్నం పడవ డీజిల్ కోసం వచ్చింది. నడిపేది రవీంద్రన్, జొహోర్ నుంచి వచ్చిన తెలుగువాడు. మా ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు.

"మకాన్ అయిందా ఆంటీ, ఏమైనా తిన్నారా?" అన్నాడు, తాడు కడుతూ.

శర్మిల లేచి దండం పెట్టింది. "థాంక్స్ అంకుల్. పొద్దుట్నుంచి ఆపకుండా తిరుగుతున్నారు."

అతను నా వైపు చూశాడు. ఆ చూపు శర్మిల కనిపెట్టింది.

"ఏంటమ్మా?"

ఇంజిన్ ఎందుకు ఆపట్లేదో ఇక దాచలేక చెప్పాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున్నే."

"తెలిసీ నన్ను తిననిచ్చావా?" అంది. అని రవీంద్రన్ వైపు తిరిగింది. "అంకుల్, నన్ను ఎక్కించుకోండి. ఒక్కసారి ఇంజిన్ ఆపండి. నేను పిలుస్తాను. నా గొంతైతే దినేష్ గుర్తుపడతాడు."

"రూల్ ఒప్పుకోదు, అమ్మాయ్. రెండు రాత్రులు దాటిపోయాయి."

"అమ్మా, నువ్వడుగు. నాన్న పేరు చెప్పి అడుగు. నువ్వడిగితే కాదనరు."

నిజమే, కాదనడు. కానీ మా ఆయన ఒకసారి ఒకావిడను అలాగే ఎక్కించుకున్నాడు. ఆమె గొంతు పోయేదాకా భర్తను పిలిచింది. ఒడ్డుకొచ్చాక దిగనంటే నలుగురు పట్టుకుని దింపారు. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

నేను అడగలేదు. రవీంద్రన్ తాడు విప్పుకుని వెళ్ళిపోయాడు.

"నీ మొగుడైతే అడిగేదానివి," అంది శర్మిల.

చెప్పులు వేసుకుని బస్ స్టాప్ వైపు నడిచింది. వెనకే వెళ్తుంటే, "రాకు," అంది.

అయిదో రోజు దినేష్ దొరికాడు. ఆ కబురు రవీంద్రన్ ఫోన్ చేసి చెప్పాడు. శర్మిల చెయ్యలేదు. తను పిలవకపోయినా మండాయ్ దహనశాలకు వెళ్ళి, వెనక వరసలో నిలబడ్డాను. తను ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.