అమ్మ వేసిన పక్కా కుట్టు

మా అమ్మ దర్జీ. ముప్ఫై ఏళ్లుగా కుట్టించుకున్నవాళ్ల కొలతలన్నీ ఒక లావుపాటి నోటుపుస్తకంలో ఉన్నాయి. ఇప్పుడు పేజీలు ఊడుతున్నాయి, పెన్సిలు రాతలు చెరిగిపోతున్నాయి. నేను ప్రోగ్రామర్‌ని కదా, కంప్యూటర్లోకి ఎక్కిస్తానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"నువ్వు రాసిపెడితే, పాడైనప్పుడల్లా నీ కాళ్లావేళ్లా పడాలి. నాకే నేర్పు."

నాకు ఓపిక తక్కువ. నేర్పుతూ రెండుసార్లు విసుక్కుని, రెండుసార్లూ చీవాట్లు తిన్నాను. మూడు నెలలు తిరక్కుండా అమ్మ చిన్న ప్రోగ్రాం రాసి, దాన్ని డేటాబేస్‌కు కలిపింది. ఒక పట్టికలో మనుషులు, ఇంకోదాంట్లో కొలతలు, రెంటినీ కలిపేది మనిషి నంబరు.

"మనిషి ఒక్కరే, నడుము ఏటేటా మారుతుంది. అందుకే రెండు పట్టికలు," అని నాకే పాఠం చెప్పింది.

నిన్న నలభైమంది కొలతలు ఎక్కించింది. వెతికితే అందరూ కనిపించారు. ఇవాళ పొద్దున మళ్లీ తెరిస్తే ఒక్కరూ లేరు. ఏళ్లుగా అమ్మ దగ్గరే కుట్టించుకునే టీచరమ్మ పదకొండింటికి కోటు కోసం వస్తుంది. ఈ వయసులో నీకెందుకమ్మా ఇవన్నీ అన్నది ఆవిడే. ఆవిడ ముందు మళ్లీ నోటుపుస్తకం తీయనని అమ్మ భీష్మించుకుంది.

తప్పెక్కడుందో నాకు ఒక్క చూపుకే తెలిసింది. నోరు తెరవబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు మాట్లాడకు."

ఒక్కరి కొలతలు ఎక్కించి చూసింది, ఉన్నాయి. మూసి తెరిచింది, లేవు. తెర మీద ఒక్కో లైనునూ వేలితో తడుముతూ చదివింది.

"కచ్చా కుట్టు వేసి వదిలేశాను. ఊడిపోదూ మరి? పక్కా కుట్టు ఎక్కడో ఉండాలి."

తను రాసుకున్న కాగితాలు తిరగేసి 'కమిట్' అనే మాట పట్టుకుంది. దాచమని డేటాబేస్‌కు గట్టిగా చెప్పే లైను అది. అది చేర్చి, ముందుగా టీచరమ్మ కొలతలు ఎక్కించింది. మూసి తెరిచింది. ఉన్నాయి.

పదకొండింటికి టీచరమ్మ వచ్చి తెరలోకి తొంగిచూసింది.

"మీ అమ్మాయి చేసిచ్చిందా?"

"నేనే రాశాను," అంది అమ్మ, మెడలోంచి టేపు తీస్తూ.

ఆవిడ నమ్మనట్టు నావైపు చూసింది. నాకు గర్వం ఆగలేదు.

"తనే రాసిందండీ. పొద్దున ఒక తప్పు బయటపడింది. అదే తప్పు ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసి, సాయంత్రందాకా ఏడ్చాను. పక్క సీటాయన వచ్చి చెప్పాల్సి వచ్చింది. అమ్మ అరగంటలో తనే పట్టేసింది."

అమ్మ టేపు పట్టుకుని అలాగే ఆగింది.

"ఏడ్చిన సంగతి నాకు చెప్పలేదేమే?"