దిగిరాని చక్రం

మా ఆయన ఇన్నయ్య జీపును తుడిచేటప్పుడు చూడాలి. చంటిపిల్లకు నీళ్లు పోసినట్టు మడతమడతా వెతికి తుడుస్తాడు. పెళ్లయిన కొత్తలో నాకు కాస్త అసూయగా ఉండేది. ఒకరోజు జడ చిక్కు తీయమని దువ్వెన చేతికిచ్చి చూశాను. అంతే శ్రద్ధగా తీశాడు. అసూయ పోయింది.

ఆ జీపు ఏదో సర్కారు ఆఫీసు వాళ్లు వేలం వేస్తే కొన్నది. భద్రాచలం నుంచి అడవి ఊళ్లకు, సంతలకు కిరాయికి తిప్పుతాడు. నేను ఖమ్మంలో బీఎస్సీ, ఆ తర్వాత బీఎడ్ చదివాను. పెళ్లిలో పెట్టిన చీరల మడతలు విప్పకముందే టీచరుగా ఆర్డరు వచ్చింది. ఊరు చింతలగుంపు. క్రిస్మస్ సెలవులు అయిపోగానే చేరాలి. బస్సు దుమ్ముగూడెం రోడ్డు మీదే దింపేస్తుంది. అక్కణ్నుంచి అడవిలో ఎడ్లబండ్ల బాట, ఆ బాటకు అడ్డంగా రాళ్లవాగు.

మా అత్తమ్మ ఆరోగ్యమ్మ తీర్పు చెప్పేసింది.

"ఉద్యోగం ఇడిసేది లేదు పిల్లా. రోజూ పొయ్యి రాగలిగితే మంచిదే. లేకుంటే గా ఊళ్లనే అర్ర కిరాయికి తీసుకో. శనివారం రా, సోమవారం పో."

శనివారం రా, సోమవారం పో! కొత్త పెళ్లికూతురికి చెప్పే మాటేనా అది?

"గదేంది అమ్మా, పొద్దున జీపుల దింపుత, మాపటికి జీపుల తెస్త," అన్నాడు ఇన్నయ్య.

"నీ జీపు వాగు దాటుతదా?"

"ఎందుకు దాటది?"

దాటలేదు. మోకాటి లోతు నీళ్లలో ఒక గుండ్రాయి ఉంది. జీపు సరిగ్గా దాని మీద పొట్ట ఆనించి, రాయి మీద పెట్టిన తాబేలులా ఉండిపోయింది. చింతలగుంపు బుల్లెమ్మ ఎద్దులను తోలుకొచ్చి వెనక్కి లాగింది. లాగినంతసేపూ నవ్వుతూనే ఉంది. "ఇంక ఎత్తు గావాలె మీ బండి," అని సలహా కూడా ఇచ్చింది.

మర్నాడే పాల్వంచలో హేమ్లా షెడ్డుకు వెళ్లాం. హేమ్లా మెకానిక్కు, మా ఆయనకు అన్నలాంటివాడు. నోరు ఊరంత. జీపు కిందికి ఒకసారి తొంగిచూసి, తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని, చీరల కొట్టువాడిలా మొదలుపెట్టాడు.

"తమ్మీ, ముందుగాల గిది చెప్పు. ఎత్తు గావాల్నా, కదలిక గావాల్నా?"

"రెండూ," అన్నాడు ఇన్నయ్య.

"అందరూ గట్లనే అంటరు. ఇగో చూడు." చక్రాలకూ బాడీకీ మధ్య విల్లులా వంచి పేర్చిన ఇనుప పట్టీలను కాలితో తట్టాడు. వాటిని కమాన్లంటారట. "వీటికి రెండేసి లారీ పట్టీలు కలిపిననుకో, జీపు ఒంటె లెక్క లేస్తది. కానీ గట్టి. ఒంగవు. కమాను కొసన ఉన్న గీ షాకిళ్లు పొడుగువి ఏస్తె జరంత ఎత్తొస్తది, కానీ స్టీరింగు కల్లు తాగినోని లెక్క అటిటు పోతది. మూడోది, పాత కమాన్లు ఇప్పి పారేసి, సన్నటియి, పొడుగాటియి, బాగ ఒంపు తీసి కొత్తగ కడత. పొడుగు షాకబ్జర్లు ఏస్త. ఒంటె అంత ఎత్తు రాదు. గని గుంతొస్తే చక్రం దిగుతది, రాయొస్తే ఎక్కుతది. నువ్వు మీద నిమ్మళంగ కూసుంటవు. దానికి వారం పడతది."

ఫిజిక్సు చదివినదాన్ని. స్ప్రింగు ఒకటి గట్టిగా ఉంటే ఏమవుతుందో, మెత్తగా ఉంటే ఏమవుతుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. మూడోదే మేలని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. అంతలో షెడ్డులో ఓ మూల, లారీ పట్టీలతో లేపిన వేరెవరిదో జీపు కనిపించింది. "ఎక్కి చూడు ఎట్లుంటదో," అని ఇన్నయ్య నా నడుం పట్టుకుని అమాంతం లేపి సీట్లో కూర్చోబెట్టాడు. నా కాళ్లు గాల్లోకి లేచినట్టే నా చదువూ ఎటో లేచిపోయింది.

"ఎత్తే మంచిది," అన్నాను పైనుంచి.

హేమ్లా తుండుగుడ్డ మూతికి అడ్డం పెట్టుకున్నాడు. "చెల్లె కారణం సమజైంది. ఏస్త."

ఆ సాయంత్రం జీపు మా వీధిలోకి రాజుగారి అంబారీలా వచ్చింది. గోదావరి బ్రిడ్జి దాటేసరికే నా పళ్లన్నీ కదిలినట్టయింది గాని, ఇన్నయ్య ముఖంలో వెలుగు చూసి నేనూ నవ్వేశాను. ఎదురింటి అంతోనయ్య తాత అరుగు దిగి, బానెట్టు వైపు తల పైకెత్తి చూశాడు.

"అరే ఇన్నా, నిచ్చెన గూడ ఇచ్చిన్రా, ఇడిగ కొనాల్నా?"

"నిచ్చెనెందుకు తాతా, మా ఆయనున్నడు గద," అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. అత్తమ్మ వినలేదనుకున్నాను. విన్నది.

ఆదివారం గుడిలో పూజ అయ్యాక జీపు పరీక్షకు బయల్దేరాం. అత్తమ్మ నా ట్రంకుపెట్టెను కూడా జీపులో పెట్టించింది. "దాటుకుంట పోతె పెట్టె ఎనక్కొస్తది. దాటకుంటె నెత్తిన పెట్టుకొని పొయ్యి అర్రల దించుదం. పొద్దున్నే బడి గద," అంది. అర్ర కూడా మాట్లాడి పెట్టిందట, బుల్లెమ్మ ఇంట్లోనే. ఆమెను మేమిద్దరం కాదు, నలభైమంది కలిసినా మార్చలేరు. తనూ కుర్చీ వేయించుకుని, ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుంటే ఎక్కి కూర్చుంది.

వాగులో గుండ్రాయి వచ్చింది. జీపు దాని మీదుగా పోయింది. పొట్టకు తడి కూడా తగల్లేదు! నేను చప్పట్లు కొట్టాను. ఇన్నయ్య మీసం లేకపోయినా మెలేసినంత పని చేశాడు.

అవతలి ఒడ్డు ఎక్కుతుంటే ఆగిపోయాం. వానలకు ఆ ఎత్తు మీద మట్టి ఏటవాలుగా కోసుకుపోయి గండ్లు పడ్డాయి. ముందు ఎడమ చక్రం ఒక గండి మీద, వెనక కుడి చక్రం ఇంకో గండి మీద గాల్లో నిలబడ్డాయి. లారీ పట్టీలు వంగితేనా! ఉన్న చోటు నుంచి చక్రం కిందికి దిగిరాదు. ఇన్నయ్య యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఆ రెండూ రంగులరాట్నంలా తిరుగుతున్నాయి, మిగతా రెండూ మాకేం పట్టదన్నట్టు నిలబడ్డాయి.

ఒడ్డున బట్టలు ఉతుకుతున్న బుల్లెమ్మ బండకేసి కొట్టడం ఆపేసింది.

"పంతులమ్మా! మీ బండి కుక్క లెక్క కాలెత్తింది!"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఇన్నయ్య నా వైపు చూసిన చూపుకు ఇంకో మనిషైతే మాడిపోయేది. నేను ఇంకా గట్టిగా నవ్వాను. కానీ కాలి దగ్గర ట్రంకుపెట్టె కనిపించేసరికి నవ్వు దానంతటదే ఆగింది. శనివారం రా, సోమవారం పో.

"అత్తమ్మా," అన్నాను, చదివిన ఫిజిక్సులో మిగిలిందేదో అప్పుడు గుర్తొచ్చి, "జర ఎనక కుడి మూలకు జరుగుతరా?"

అత్తమ్మ జరిగింది. మా అత్తమ్మ నిండైన మనిషి. గాల్లో ఉన్న చక్రం మెల్లగా, మర్యాదగా నేలకు దిగింది. మట్టిని పట్టుకుంది. జీపు ఒక్క ఊపున ఒడ్డెక్కింది.

"దాటింది!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

"అవ్, దాటింది," అంది అత్తమ్మ వెనక మూల నుంచి, కొంగు సర్దుకుంటూ. "రోజూ నేనొస్త తియ్యి. పొద్దుగాల ఓసారి, మాపటికోసారి."

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. ఆ అడవిబాటలో పొద్దున్నే మంచులో ఇద్దరమే వెళ్తూ ఏమేం మాట్లాడుకోవాలో నేను అప్పటికే అనుకుని పెట్టుకున్నాను. ఆయనా అనుకున్నాడని ఆ ముఖం చూస్తే తెలిసింది. వెనుదిరిగిన జీపు ఇంటికి పోలేదు, అటునుంచటే పాల్వంచ పోయింది.

హేమ్లా సంగతంతా విన్నాడు. "అత్తను బరువుకు పెట్టుకున్నరా? చానా మంది మెకానిక్కులను చూసిన గని గీ ఉపాయం ఎవ్వనికీ తట్టలే," అన్నాడు. కొత్త కమాన్లు వంచి ఉంచుతాననీ, అందాకా జీపు తిప్పుకుని శనివారం తెమ్మనీ చెప్పాడు.

ఆ వారం అత్తమ్మ తన మూలలో దర్జాగా ప్రయాణం చేసింది. మడిచిన దుప్పటి వేసుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చునేది. జీపు ఎగిరితే చాటలో బియ్యం ఎగిరేవి, ఆమె మాత్రం కదిలేది కాదు. మాకు మాత్రం వీపు వెనక రెండు కళ్లున్నట్టు ఉండేది.

"ఇన్నా, గేరు గట్లున్నదిరా. పిల్ల చెయ్యి గేరు గాదు."

ఇన్నయ్య చెయ్యి తీసేవాడు. కాసేపయ్యాక, "నేనేమో కండ్లు మూసుకున్న తియ్యి," అనేది. కళ్లు మూసుకునేది కాదు.

గురువారం సాయంత్రం జీపు దిగుతూ నడుం పట్టుకుంది. రాత్రి వేడినీళ్ల కాపడం పెడుతుంటే నవ్వుతూనే చెప్పింది. "పిల్లా, మీ సరదా నా నడుం మీదికొచ్చింది. రేపొక్కరోజు వస్త. ఆదివారం నేను వాగు కాడ దిగుత, ఒడ్డున నిలవడి చూస్త. ఇద్దరే దాటితె సంతోషం. లేకుంటె బుల్లెమ్మ అర్ర ఊడ్చి పెట్టింది."

నాకు నవ్వు రాలేదు. ఆ నడుం మా ఎత్తు సరదాకే నొచ్చింది. ఆమె మాట మీద నిలబడే మనిషి కూడా.

శనివారం బడికి సెలవు. పొద్దుగూకేదాకా ఇన్నయ్య హేమ్లాతో పాటు జీపు కిందే పడుకున్నాడు. చక్రం ఎక్కువ దిగితే బ్రేకు గొట్టం చాలదని దాన్నీ పొడుగుది వేశారు. బయటికొచ్చాక జీపుకు కొంచెం దూరంగా నిలబడి చూసుకున్నాడు. లారీ పట్టీలప్పటి కంటే నాలుగు వేళ్లు తగ్గింది.

"కుదించుకపోయింది," అన్నాడు దిగులుగా.

"నువ్వు గూడ పెళ్లినాటికంటె జర తగ్గినవ్. నేనేమన్న అన్ననా?" అన్నాను.

హేమ్లా రెంచీ కింద పడేసి మరీ నవ్వాడు.

ఆదివారం అత్తమ్మ అన్నట్టే ఇవతలి ఒడ్డున దిగిపోయింది. బుల్లెమ్మ పనులన్నీ మానుకుని వచ్చి ఆమె పక్కన నిలబడింది. ఇన్నయ్య గేరు వేశాడు. నేను ముందు కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాను. గుండ్రాయి దగ్గర పొట్ట అంచు కాస్త గీసుకుంది గాని ఆగలేదు. ఆ తర్వాత ఒడ్డు. ముందు చక్రం గండి మీదికి వచ్చింది. పక్కకు వంగి చూశాను. పిల్లి చీకట్లో కాలు చాచి నేల తడిమినట్టు, చక్రం కిందికి దిగుతోంది, ఇంకా దిగుతోంది, దిగి మట్టిని అందుకుంది. వెనకది కూడా అంతే. మేము కూర్చున్న సీటు మాత్రం కొంచెం ఊగింది, ఊయలలా.

పైకి వచ్చేశాం. ఇన్నయ్య ఇంజను ఆపేశాడు. అడవిలో ఏదో పిట్ట కూస్తోంది. నేను ఆయన వంక చూశాను. ఆయన గేరు వదిలేసి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇది గేరు కాదురా అనేవాళ్లు ఎవరూ లేరు.

"దాటిన్రు గద! ఇగ రాండ్రి!" అవతలి నుంచి అత్తమ్మ కేక.

"పోదామా?" అన్నాడు ఇన్నయ్య.

"ఒక్కసారి దాటితే అయిపోయిందా? ప్రయోగం ఒకటికి రెండుసార్లు చేసి చూడాలె," అన్నాను గంభీరంగా.

బడిదాకా పోయి, అక్కడ తిప్పుకుని, మళ్లీ వాగులోకి దిగాం. ఒడ్డు దగ్గరికొచ్చి, అత్తమ్మకు చెయ్యి ఊపి, ఆగకుండా చుట్టూ తిప్పి మళ్లీ అవతలికి ఎక్కాం.

"ఇంకొక్కసారి అత్తమ్మా!" అని అరిచాను.

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని మమ్మల్ని చూసింది. తర్వాత పక్కకు తిరిగి చెప్పిన మాట నీళ్ల మీదుగా మాకూ వినిపించింది.

"బుల్లెమ్మా, నీ అర్ర ఇంకెవరన్న అడిగితె ఇచ్చెయ్యి. వీళ్లు ఆడ పండుకోరు, ఈడ పండుకోరు. గిట్ల తిరుగుతనే ఉంటరు."