గోల్ ముందు దిబ్బ

అమెరికాలోని డేటన్‌లో తమ సాకర్ (ఫుట్‌బాల్) స్టేడియాన్ని బేస్‌బాల్ జట్టుకు కూడా ఇచ్చిన రోజు నుంచి లొరెయిన్ వాస్కోకి ఒళ్లు మండుతూనే ఉంది. ఇరవై రెండేళ్లుగా అదే సీటులో కూర్చుని డప్పు కొట్టే మనిషి ఆవిడ. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు నిలబడడానికి శుక్రవారం ఒక గోల్ ముందు మట్టి దిబ్బ పోస్తారు. శనివారం సాకర్ మ్యాచ్ కోసం పొద్దున్నే దాన్ని చదును చేసి, పైన పచ్చికను చాపలా పరుస్తారు.

"మూడు గంటలు గోళ్లు గిల్లుకుంటూ నిలబడి, మధ్యమధ్య పొద్దుతిరుగుడు గింజలు నమిలి ఉమ్ముతారు. అదీ ఒక ఆటేనా? నా సీటు కింద కూడా ఆ పొట్టే!" అంది లొరెయిన్ ఆ శనివారం మ్యాచ్‌లో, 'దిబ్బ తియ్యండి' అని ఎర్రరంగుతో రాసిన అట్టను పైకెత్తుతూ.

"ముందు ఆట చూడవే తల్లీ," అన్నాడు పక్కసీటు డ్వైట్.

ఎనభై తొమ్మిదో నిమిషం దాకా రెండు జట్లకూ గోల్ లేదు. అప్పుడు లొరెయిన్ జట్టు కుర్రాడొకడు దూరం నుంచి చచ్చుగా తన్నాడు. దొర్లుకుంటూ పోయిన బంతి, దిబ్బ పూడ్చిన చోట పచ్చిక అతుక్కి తగిలి ఎగిరి, గోల్‌కీపర్ భుజం మీదుగా వలలో పడింది. లొరెయిన్ డప్పు పగిలేలా వాయించింది.

ఎదుటి జట్టు అభిమానులు లేచి, ఆ అతుకు వైపు వేళ్లు చూపిస్తూ అరిచారు. "దిబ్బ తియ్యండి! దిబ్బ తియ్యండి!"

డ్వైట్ అట్ట వైపు చూశాడు. లొరెయిన్ దాన్ని బోర్లాపడేసి, దాని మీదెక్కి నిలబడి గొంతెత్తింది.

"ఆడలేక మద్దెల ఓడన్నారట! పోండర్రా ఇళ్లకి!"