అలిగిన పిల్ల బరువు

ఆకులు రాలే కాలం వచ్చిందని ఆమెకు యానిమేషన్ స్టూడియో మెట్ల మీద చెప్పులకు అంటుకున్న తడి ఆకులు చూశాకే తెలిసింది. కూతురికి బడి సెలవులు మొదలై అప్పటికే నాలుగు రోజులు. "ఈ ఒక్క షాట్ పాసైతే చాలు, మిగతా సెలవులన్నీ నీతోనే" అని మాటిచ్చింది. ఆ షాట్ పాసైతే కదా!

అందులో ఉన్నది ఇంతే: అలిగి నిలబడ్డ ఎనిమిదేళ్ల పిల్లను తల్లి ఎత్తుకుంటుంది. ఆరు సెకన్ల బొమ్మకు మూడు వారాలు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, ఇక్కడ ఆ ఎలుక కూడా దొరకలేదు. సూపర్‌వైజరు మూడుసార్లు తిప్పి పంపాడు. ఏదీ ఓ పట్టాన వదలడు కాబట్టి స్టూడియోలో ఆయన చాటున ఆయన పేరు జల్లెడ.

"బొమ్మ బాగానే కదులుతోందమ్మా, బరువే లేదు. ఆ తల్లి ఎత్తేది పిల్లనా, దిండునా? మీ ఇంట్లోనూ ఆ ఈడు పిల్లే ఉందిగా, ఎత్తుకుని చూడు" అన్నాడు జల్లెడ.

ఆమె తలూపింది. కూతుర్ని ఆఖరుసారి ఎప్పుడు ఎత్తుకుందో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. అందుకు బాధ కూడా కలగలేదు. కొన్నాళ్లుగా ఆమె మనసుకు ఏదీ తగలడం లేదు.

ఆ సాయంత్రం హాల్లో బల్ల పక్కకు జరిపి, ఫోను పుస్తకాల అరలో నిలబెట్టింది.

"నువ్వు అలగాలి, నేను ఎత్తుకుంటా. సాయం చెయ్యకు, మొద్దులా నిలబడు."

"ఎంతసేపు అలగాలి?"

"ఆరు సెకన్లు."

"అంతేనా? సెలవులిచ్చిన రోజు నుంచీ నేను అలిగే ఉన్నా" అంది పిల్ల. వంటింట్లోంచి తండ్రి ఫక్కున నవ్వాడు.

ఆమె వంగి, చంకల కింద చేతులు వేసి ఎత్తింది. నడుం కలుక్కుమంది. పిల్ల ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. ఆమె కళ్లు మాత్రం ఫోను మీదే ఉన్నాయి, ఇద్దరూ అందులో పట్టారో లేదోనని.

"ఇంకోసారి తీయవా?"

"వచ్చేసిందిలే. దిగు."

మర్నాడు ఆ వీడియోను ఫ్రేము ఫ్రేముగా ఆపి, ఉన్నదున్నట్టు బొమ్మలోకి దించింది. జల్లెడ మొదటిసారి కుర్చీలో ముందుకు వంగాడు.

"ఇదీ బరువంటే! కానీ ఇదేంటి, పిల్ల గెంతుతోందేం? అలిగిన పిల్ల అమ్మకు సాయం చేస్తుందా? తీసెయ్."

ఆమె మళ్లీ వీడియో పెట్టి చూసింది. తన చేతులు తగలగానే పిల్ల మడమలు లేచాయి, మోకాళ్లు వంగాయి, చిన్నగా ఒక గెంతు. మూతి మాత్రం ముడుచుకునే ఉంది. నాలుగే నాలుగు ఫ్రేములు. తన చేత్తో దించింది గానీ, అదేమిటో చూడనేలేదు.

ఏడుపు రావలసిన చోటని ఆమెకు తెలుసు. రాలేదు. బొమ్మపిల్ల పాదాలను నేలకు ఆనించి, గెంతు తీసేసింది. షాట్ పాసైంది.

ఇంటికి రాగానే పిల్ల ఎదురొచ్చింది. "పాసైందా?"

"అయింది. రేపట్నుంచి సెలవే."

పిల్ల తండ్రికి వినబడకుండా దగ్గరకొచ్చింది. "నేను కొంచెం గెంతానమ్మా. నీకు నడుం నొప్పి కదా, అందుకని. ఎవరైనా కనిపెట్టేశారా?"

"లేదు, ఎవరూ చూళ్లేదు."

"నువ్వు కూడానా?"

"నేనూ చూళ్లేదు" అంది ఆమె.

తన తెలివికి పిల్ల మురిసిపోయింది.