కాపడం

గుడ్డను నాలుగు మడతలు వేసి ఇస్త్రీపెట్టె కింద అదిమింది. చెయ్యి చురుక్కుమన్నాక తీసి, బల్ల మీద బోర్లా పడుకున్న కూతురి తొడ వెనక పెట్టి నొక్కింది.

"అబ్బా! మెల్లగా అమ్మా. నేనేమన్నా దుప్పటినా?"

"నోర్మూసుకో. తగ్గాలా వద్దా?"

క్రీడాకారుల హాస్టల్లో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది ఆవిడే. ఇస్త్రీ అక్క అంటారు. కూతురు అక్కడే ఉండి పరుగు నేర్చుకుంటోంది. మొన్న సాధనలో మలుపు తిరుగుతుంటే తొడ వెనక కండ పట్‌మంది. కోచ్ చూసి, "పట్టేసిందిలే" అని వెళ్ళిపోయాడు. ఆ పూట నుంచి తల్లికి ముద్ద దిగలేదు. కన్ను మూస్తే చాలు, చంకలో కర్రతో కూతురు. తనకు తెలిసిన వైద్యమల్లా కాపడం, ఆపైన నూనె రాసి గట్టిగా మర్దన. నీలం మరక మోకాలి మడత దాకా జారితే, చెడు రక్తం దిగిపోతోందని సంబరపడింది కూడా.

ఈ రోజు జట్టు ఎంపిక. ఇస్త్రీ చేసిన ప్యాంటు పట్టుకుని కోచ్ గదికి వెళ్ళింది.

"పిల్ల ఇంకా కుంటుతోంది సార్. ఈసారికి వదిలెయ్యండి."

"పరిగెడితే అదే సర్దుకుంటుందమ్మా."

"సర్దుకోడానికి అదేమన్నా చొక్కా ముడతా సార్?"

కోచ్ నవ్వలేదు. "హాస్టల్లో నీ పిల్ల మంచం ఖాళీ చేస్తే చేరడానికి గేటు దగ్గర పిల్లలు క్యూ కట్టి ఉన్నారు. నీ ఇష్టం."

ఒళ్ళు మండిపోయింది. ప్యాంటు కుర్చీ మీద పెట్టి వచ్చేసింది.

ఎంపిక పరుగు మొదలయ్యాక మైదానం కంచె పట్టుకుని చూసింది. మలుపు దాకా పిల్ల అందరికన్నా ముందుంది. అంతలో చెయ్యి తొడ వెనక్కి పోయింది. ఒంటికాలి మీద గెంతి గెంతి, కూలబడింది.

పోటీలో ఎంపికలో ఉన్న రోజున మాత్రమే కనబడే, దెబ్బలకు వైద్యం చేసే ఫిజియో అమ్మాయి పరిగెత్తుకొచ్చి, తొడ మీద ఐసు పెట్టి, కాలిన మచ్చలు చూసింది.

"ఎవరు పెట్టారీ కాపడం? కొత్తగా చిరిగిన కండకి వేడి, మర్దనా? లోపల రక్తం ఇంకా కారుతుంది కదా!"

కోచ్‌కి ప్రాణం లేచొచ్చింది. "చూశారా! తల్లే చెడగొట్టింది."

ఒక్క క్షణం ఆవిడకు తన చేతులు నరుక్కోవాలనిపించింది. తరవాత ఆ చేతులతోనే కోచ్ చొక్కా పట్టుకుంది.

"అవును, చెడగొట్టాను! బట్టలుతికేదాన్ని, నాకేం తెలుసు? నీకు తెలుసు కదా? ఆడపిల్ల నొప్పని ఏడుస్తుంటే పట్టేసిందిలే అన్నావు. చిరిగిన కాలుతో దింపావు. నాది తెలియనితనం. నీదేమిటి? చెప్పు!"

కోచ్ చొక్కా విడిపించుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు బూట్ల తాళ్ళు బిగించుకోవడం మొదలుపెట్టారు. రెండో వరుస పరుగుకి ఈల వేశారు.

"పద ఆస్పత్రికి," అంటూ కూతురి చెయ్యి తన భుజం మీద వేసుకుంది.

"రేపు పనికి రావా అమ్మా?"

"వాడి ప్యాంటు వాడే ఇస్త్రీ తోముకుంటాడు."

ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలి గేటు దాటారు. పరుగుబాట పక్కన బల్ల మీద వదిలేసిన ఐసు సంచీలో ముక్కలింకా కరగలేదు.