ఒక మిల్లీమీటరు గాజు

మూడోసారి కొలిచినా గాజుబిళ్ళ మందం ఒక్క మిల్లీమీటరే వచ్చింది; ఉండాల్సింది రెండు, నాలుగేళ్ళుగా రెండే ఉందని అందరూ ఒట్టేసి చెప్తున్నారు.

ప్రొఫెసరమ్మ గుండెలో రాయి పడింది. పాత పరికరాన్ని విప్పేసి కొత్తది పెడుతున్నారు. విప్పిన ప్రతి భాగాన్నీ కొలిచి రాసుకోవడం ఆమె వంతు. పొద్దున్నుంచి అద్దాలు, కటకాలు అన్నీ లెక్కకి సరిపోయాయి. లేజరు దారిలో చిట్టచివర, స్ఫటికానికి జానెడు దూరంలో ఉండే ఈ బిళ్ళ ఒక్కటే ఎదురు తిరిగింది.

మిల్లీమీటరుకే అంత గుండెదడ ఎందుకంటే అక్కడి పని అలాంటిది. ముందు లేజరు మెరుపు స్ఫటికాన్ని కొడుతుంది. లోపలి పరమాణువులు వణుకుతాయి. వెనకాలే ఎక్స్‌రే మెరుపు వచ్చి, ఆ వణుకుకి రవ్వంత శక్తి ఇచ్చో పుచ్చుకునో చెదిరిపోతుంది. ఆ రవ్వంత తేడాని పట్టుకుని, దెబ్బ తగిలిన ఎంతసేపటికి ఎలా వణికిందో చెప్తారు. ఆ సేపు కూడా సెకనులో లక్షకోట్లో వంతుల్లో ఉంటుంది. గాజులో కాంతి నెమ్మదిస్తుంది కదా, బిళ్ళ ఒక మిల్లీమీటరు పలచబడితే చాలు, లేజరు అలాంటి వంతులు ఒకటిన్నర ముందే వచ్చేస్తుంది. కొలిచేవాళ్ళకి ఆ సంగతి తెలియదు. దెబ్బ తగలకముందే స్ఫటికం వణికినట్టు కనిపిస్తుంది.

పిచ్చుక కొలతల్లో కనిపించింది సరిగ్గా అదే.

పిచ్చుక అంటే ఆమె శిష్యురాలు. పిడికెడు మనిషి, గుక్కతిప్పుకోకుండా మాట్లాడేది, అందుకని ఆ పేరు. నాలుగేళ్ళ కిందట, ఐదు రోజుల ప్రయోగంలో మొదటి మూడు రోజుల కొలతలు ఒకలా వచ్చాయి, నాలుగో రోజు మధ్యాహ్నం నుంచి వచ్చినవి ఒకటిన్నర వంతు జరిగిపోయాయి. లేజరు దారిలో ఏదో మారింది, ఏమిటో తెలియడం లేదు అని రాసి, ఆ పిల్ల వాటిని వెనక్కి జరిపి సరిచేసింది. ఏమీ మారలేదంది ప్రయోగం పుస్తకం. ఆ లాబులో ముట్టుకున్న ప్రతి మరా పుస్తకంలోకి ఎక్కాలి. ఎక్కలేదంటే ఎవరూ ముట్టుకోనట్టే. రెండు మెరుపుల ఎడాన్ని కాపలా కాసే కెమెరా కూడా మార్పేమీ చూపించలేదు. చూపించదు మరి, అది బిళ్ళకి ముందే లేజరులోంచి తన వాటా కాంతి తీసుకుంటుంది. దాంతో కోరుకున్న జవాబు కోసం పిల్ల కాలాన్నే జరిపిందని విచారణ కమిటీ తేల్చింది. డాక్టరేటు ఆగిపోయింది. ఆపమన్న కాగితం మీద మొదటి సంతకం ప్రొఫెసరమ్మదే. ఇప్పుడు పిచ్చుక ఒక ఇరుకు గదిలో బడిపిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటోంది. ఆమె పెట్టుకున్న అప్పీలు మర్నాడు కమిటీ ముందుకొస్తుంది. అది కొట్టేస్తే ఇంకో దారి లేదు.

బిళ్ళని కాగితంలో చుట్టి, ప్రొఫెసరమ్మ నేరుగా భద్రత విభాగానికి నడిచింది. ప్రయోగం గది తలుపు తీస్తే ఎక్స్‌రే దానంతటదే ఆగిపోతుంది. ఏ తాళంచెవితో తీశారో, ఎంతసేపు తీశారో యంత్రం రాసుకుంటుంది. ఎక్స్‌రే రోజుకి పదిసార్లు ఆగుతూనే ఉంటుంది కాబట్టి ఆ చిట్టా చూడాలని ఎవరికీ తోచలేదు. నాలుగేళ్ళ కిందటిది కావాలనేసరికి అక్కడి గుమాస్తా నవ్వాడు. దొంగ ముసలివాడైపోయాక కుక్కని కొనుక్కున్నట్టుంది మేడం, అన్నాడు. అని, వెతికి పెట్టాడు.

నాలుగో రోజు, మధ్యాహ్నం. తలుపు తెరిచి ఉన్నది పదకొండు నిమిషాలు. తాళంచెవి ప్రొఫెసరమ్మది.

ఆమె ఆ వరుసలోని తేదీని వేలు పెట్టి మళ్ళీ చదివింది. తర్వాత గుర్తొచ్చింది. తన కొడుక్కి జ్వరమని బడి నుంచి ఫోను. పిచ్చుక భోజనానికెళ్ళింది. ప్రొఫెసరమ్మే తన తాళంచెవి బాబాయ్ చేతిలో పెట్టి, కాస్త చూస్తుండండి అని పరుగెత్తింది. ఆ సంగతి ఆమే మర్చిపోయి, తలుపు తీయలేదని కమిటీ ముందు చెప్పింది. మర్చిపోవడం కూడా అబద్ధమంత పని చేస్తుందని ఇప్పుడు తెలిసింది.

బాబాయ్ అంటే లేజరు మెకానిక్కు. చుట్టరికమేమీ లేదు, డైరెక్టరు దగ్గర్నుంచి అందరికీ బాబాయే. లేజరుకి జలుబు చేస్తే ముందు ఆయనకి తుమ్మొస్తుందని చెప్పుకునేవాళ్ళు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవాలి కదా, కమిటీ పిలిచి అడిగినప్పుడు ఆయన భుజం కదల్లేదు.

ప్రొఫెసరమ్మ వెళ్ళేసరికి ఆయన బల్ల మీద కటకం తుడుస్తున్నాడు. "ఏమ్మాయ్, కొత్త పరికరం వస్తోందని మా ముసలాళ్ళని కూడా విప్పేస్తారా?" అన్నాడు తలెత్తకుండానే.

ఆమె కాగితం విప్పి బిళ్ళని బల్ల మీద పెట్టింది. ఆయన గుడ్డ ఆగిపోయింది. అది ఎంత మందమో కొలవాలని కూడా అనుకోలేదు.

"ఎవరు మార్చారు బాబాయ్?"

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"నేనే. దాని మీద మరక కనిపించింది, తుడుద్దామని తీశాను. చెయ్యి జారింది. అంచు పెచ్చు లేచిపోయింది. సొరుగులో ఒక మిల్లీమీటరుదే ఉంది, అది పెట్టేశాను. ఎంత తేడా వస్తుందో నాకు తెలీదంటే నువ్వు నమ్మవు, నమ్మకు కూడా. సాయంత్రం పుస్తకంలో రాద్దామనుకున్నాను. ఈలోగా తెర మీద వణుకు మునుపటికన్నా తేటగా కనిపించి మీరంతా చప్పట్లు కొట్టారు. రేపు రాద్దాంలే అనుకున్నాను. తర్వాత కమిటీ పిలిచింది. నేను నోరు తెరిచేలోపు నువ్వే అన్నావు, బాబాయ్ చెయ్యి పడ్డచోట తప్పు దొర్లదని. ముప్ఫై ఏళ్ళలో పదిమందిలో నా గురించి ఎవరూ అంత మంచి మాట అనలేదమ్మాయ్. ఆ మాటని వదులుకోలేకపోయాను. నీ తప్పని కాదు, నాకో సాకు దొరికింది, అంతే. రేపు కమిటీకి ఇదంతా నేనే చెప్తాను, అదేం పెద్ద కష్టం కాదు, మోయలేనిది ఇంకోటుంది. ఆ పిల్ల వెళ్ళిపోయే రోజు ఇక్కడికే వచ్చింది. 'బాబాయ్, నిజం చెప్పండి, ఏమైనా మార్చారా?' అంది. లేదమ్మా అన్నాను. 'అయితే నేనే ఎక్కడో పొరబడి ఉంటాను' అని, ఆ మూల ఉన్న నా టీ గ్లాసు కడిగిపెట్టి వెళ్ళింది."